బిడ్డ పేరు ఏ లెక్కలో ఉన్నది?

ఇస్లామీయ చరిత్ర గ్రంథాలలో ద్వితీయ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) గారి పరిపాలనకు సంబంధించిన ఒక ఉదంతం నమోదై ఉన్నది. ఒక వర్తక బిడారు మదీనాకు వచ్చి నమాజు మైదానంలో విడిది చేసింది. ఆ రాత్రి వారి సరుకుకు కాపలాగా ఖలీఫా స్వయంగా, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)ను వెంటబెట్టుకొని వెళ్ళారు. నడిరాత్రి ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. బిడ్డను బాగా చూసుకోమని తల్లికి చెప్పి వచ్చారు. మళ్ళీ ఏడుపు వినిపించింది. మళ్ళీ వెళ్ళి చెప్పారు. తెల్లవారుజామున మూడవసారి కూడా అదే ఏడుపు వినపడగా, రాత్రంతా బిడ్డ ఎందుకు కుదుటపడలేదని ఆ తల్లిని గట్టిగా అడిగారు. ఎదుట నిలిచినది ఎవరో ఆమెకు తెలియదు. బిడ్డకు పాలు మాన్పిస్తున్నానని, వాడు ఒప్పుకోవడం లేదని, పాలు మానిన బిడ్డలకే ఉమర్ భృతి ఇస్తున్నాడు గనుక తొందరపడవలసి వచ్చిందని ఆమె చెప్పింది.

ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఖలీఫా దుఃఖం వలన ఆయన పారాయణం వెనుక నిలిచినవారికి స్పష్టంగా వినపడలేదట. నమాజు ముగిసిన వెంటనే, పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టిన నాటి నుంచే భృతి ఉంటుందని ప్రకటింపజేశారు. ఎవరూ తొందరపడి పాలు మాన్పించవద్దని అన్ని ప్రాంతాలకూ వ్రాయించారు.

ఇందులో గమనించవలసినది ఒకటున్నది. భృతి అనేది మంచి పథకమే. దానిని రూపొందించినవారి ఉద్దేశమూ మంచిదే. అయితే అందులోని ఒక్క షరతు, కచేరీలో న్యాయంగా కనిపించిన షరతు, గుడారం దాకా వచ్చేసరికి ఒక బిడ్డ ఆకలిగా మారింది. ఈ ఉదంతాన్ని మేము చాలా ఏళ్ళుగా మదరసా విద్యార్థులకు బోధిస్తున్నాము. దాని లోతు మాత్రం ఈ మధ్య చేసిన ఒక పని వలన మాకు మరింతగా బోధపడింది. ఆ పని గురించి పాఠక కుటుంబాలతో పంచుకోవాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

మాకు అప్పగించిన పని

వాతావరణ మార్పులను తట్టుకొనే శక్తిని పిల్లలకు సమకూర్చే విధానం ఎలా ఉండాలన్న విషయంపై ఒక స్వచ్ఛంద సంస్థవారు సిఫారసుల పత్రం సిద్ధం చేయదలచారు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి సలహాదారులుగా కొందరు పాఠశాల ఉపాధ్యాయులను, అంగన్‌వాడీ కార్యకర్తలను, ఒక వైద్యుని, వారితోపాటు మమ్మల్ని పిలిచారు. మదరసాలో చదువు చెప్పేవారికి వాతావరణంతో ఏమి పని అని మా మిత్రులు కొందరు అడిగారు. సమాధానం సులభమే. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో ఏ గ్రామం నుంచి ఏ కుటుంబం ఏ నెలలో తాళం వేసుకొని వెళ్ళిపోతుందో, ఏ బిడ్డ ఎప్పుడు తిరిగి వస్తాడో మక్తబ్ హాజరు పట్టీకి తెలుసు. ఎండ ముదిరిన రోజు ఏ పిల్లవాడు తరగతిలో తల వాల్చాడో ఉస్తాదుకు తెలుసు. మేము సమర్పించవలసిన నైపుణ్యం అంతకు మించి ఏమీ లేదు.

ఈ ఆలోచన కేవలం మన ప్రాంతానిది కాదు. బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించింది. మన దేశం 1992లో అందులో చేరింది. ఆ ఒడంబడిక అమలును చూసే సంఘం 2023లో తన 26వ సాధారణ వ్యాఖ్యను వెలువరిస్తూ, పర్యావరణాన్ని, ప్రత్యేకంగా వాతావరణ మార్పును బాలల హక్కుల విషయంగా వివరించింది. దాని తయారీకి 121 దేశాల పిల్లల నుంచి పదహారు వేలకు పైగా అభిప్రాయాలు సేకరించారు. అంతకు ముందు 2021లో యునిసెఫ్ పిల్లల వాతావరణ ముప్పు సూచికను ప్రకటించినప్పుడు 163 దేశాలలో భారతదేశం 26వ స్థానంలో, అత్యధిక ముప్పు గల దేశాల వరుసలో నిలిచింది. 2024లో 85 దేశాలలో 24 కోట్ల 20 లక్షల మంది విద్యార్థుల చదువుకు ఎండలు, తుపానులు, వరదలు, కరువుల వలన అంతరాయం కలిగిందని అదే సంస్థ లెక్కించింది.

ఇవి పెద్ద లెక్కలు. వాటిని చదివినవారికి భయం కలుగుతుంది గాని, రేపు ఉదయం ఏమి చేయాలో తెలియదు. కనుక మన నేల మీదికి వద్దాము.

ఒకే నేల మీద కరువు, వరద

ఆదోని అంటే పత్తి. నల్లరేగడి నేలల పత్తి అంతా ఆదోని మార్కెట్ యార్డుకు చేరుతుంది. జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు, హమాలీలు, పత్తితో తరతరాల బంధం గల నూర్‌బాషా సోదరులు కలిసి ఈ పట్టణాన్ని నిలబెట్టారు. ఎమ్మిగనూరు అంటే మగ్గం. 1938లో మాచాని సోమప్ప గారు స్థాపించిన చేనేత సహకార సంఘం ఆ ఊరికి దేశమంతటా పేరు తెచ్చింది. ఈ రెండు పట్టణాల మధ్య, చుట్టూ ఉన్న కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, నందవరం, హొళగుంద, గోనెగండ్ల మండలాల బ్రతుకు మాత్రం వాన మీద ఆధారపడినది. ఏడాది వర్షమంతా కలిపి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా ఉంటుంది. అదీ ఒకసారి వచ్చి, నెలన్నర ముఖం చాటేసి, కోత సమయంలో కుమ్మరించి పోయే వాన.

ఈ నేలకు కరువు కొత్త కాదు. 1876లో మొదలై రెండేళ్ళు సాగిన ధాత కరువులో అప్పటి మద్రాసు రాజధానిలో అత్యంత దారుణంగా దెబ్బతిన్న ప్రాంతాలలో బళ్ళారి, కర్నూలు జిల్లాలున్నాయి. 1953 దాకా ఆదోని బళ్ళారి జిల్లాలోనిదే. ఆ కరువు తరువాతనే 1880లో కరువు సంఘం నివేదిక, దాని వెంట కరువు నియమావళులు వచ్చాయి. అంటే విపత్తుకు ముందుగానే నియమాలు వ్రాసిపెట్టుకోవాలన్న ఆలోచనకు కారణమైన నేలలలో మనదీ ఒకటి.

తరువాతి కాలంలో తుంగభద్ర డ్యాము, దాని దిగువ కాలువ వచ్చాయి. ఆదోనికి తాగునీరిచ్చే బసాపురం ఎస్‌ఎస్ ట్యాంకు నిండాలన్నా, కాలువ కింద పైరు పండాలన్నా ఎక్కడో హోస్పేట వద్ద నీరు నిలవాలి. ఆ డ్యాములో పూడిక చేరి, మొదట 130 టీఎంసీలకు పైగా ఉన్న నిల్వ సామర్థ్యం ఇప్పుడు 105 టీఎంసీలకు దిగింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయి, నీరు రోజుల తరబడి నదిపాలైంది. అంతకు ముందు సంవత్సరం, 2023 ఖరీఫ్‌లో, రాష్ట్ర ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించగా మన జిల్లా మండలాలు పెద్ద సంఖ్యలో అందులో ఉన్నాయి. మరొకవైపు 2009 అక్టోబరులో ఇదే తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచింది. కర్నూలు నగరం నీట మునిగింది. 2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యి మందికి మించి మరణించారు.

ఈ వివరాలన్నీ విధాన పత్రాలలో ఉంటాయి. ఎన్ని ఎకరాలు ఎండినవి, ఎన్ని ఇళ్ళు కూలినవి, ఎంత పరిహారం అన్న లెక్కలూ ఉంటాయి. ఆ ఏడాది బడికి ఎన్ని రోజులు ఏ బిడ్డ దూరమయ్యాడన్న లెక్క మాత్రం ఎక్కడా ఉండదు. మాకు చూపించిన తొలి ముసాయిదాలో కూడా వృద్ధులు, వికలాంగులు, స్త్రీలు, పిల్లలు అని ఒకే వాక్యంలో చేర్చి, వారి పట్ల ప్రత్యేక శ్రద్ధ వహించాలని వ్రాసి ఉన్నది. పత్రమంతటిలో పిల్లల భాగం ఆ ఒక్క వాక్యమే. మేము మొదట అభ్యంతరం చెప్పినది దానికే.

సుగ్గి తేదీ, చదువు తేదీ

మన ప్రాంతంలో వలసకు ఉన్న పేరు సుగ్గి. సుగ్గికి పోవడమంటే పంట కోతల కూలికి దూరదేశం వెళ్ళడం. ఇక్కడి పత్తి, వేరుశనగ పనులు ముగిసిన తరువాత కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయల కోతకు, తెలంగాణ వైపు పత్తి తీతకు కదులుతాయి. మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. తట్టాబుట్టా, బియ్యం సంచి, పిల్లలు అందరూ ఒకే వాహనంలో ఎక్కుతారు. వాన సరిగా పడిన ఏడాది ఆలస్యంగా, తక్కువ మంది వెళతారు. వాన తప్పిన ఏడాది దసరా దాటకముందే వీధులకు వీధులు ఖాళీ అవుతాయి. వాతావరణ మార్పు అనే పెద్ద మాటకు మా హాజరు పట్టీలో కనిపించే రూపం ఇదే.

మేము చేసిన మొదటి పని ఒక పట్టిక తయారుచేయడం. ఒక వైపు పన్నెండు నెలలు; మరొక వైపు కుటుంబం బయలుదేరే సమయం, తిరిగి వచ్చే సమయం, బడి పరీక్షలు, సీజనల్ హాస్టలు తెరిచే సమయం, నీటి ఎద్దడి మొదలయ్యే సమయం. ఇందుకోసం మేము, ఇద్దరు ఉపాధ్యాయులు కలిసి ఇల్లిల్లూ తిరిగాము. వలస వెళ్ళేవారి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు అనే ఏర్పాటు ఉన్నది. తల్లిదండ్రులు సుగ్గికి వెళ్ళినా బిడ్డ ఊరిలోని బడిలోనే తిని, పడుకొని, చదువుకోవచ్చు. ఎంతో మేలైన ఏర్పాటు అది. అయితే మేము తిరిగిన కొన్ని ఊళ్ళలో కుటుంబాలు వెళ్ళిన తరువాత హాస్టలు తెరిచారు. హాస్టలు తెరిచేనాటికి అందులో ఉండవలసిన పిల్లలు మిరప చేల గట్ల మీద ఉన్నారు. పథకం ఉన్నది, నిధి ఉన్నది, వంటమనిషి ఉన్నది. మూడు వారాల తేడా వలన బిడ్డ లేడు. ఖలీఫా కాలం నాటి ఆ తల్లి చెప్పిన షరతు మాకు అక్కడ గుర్తుకు వచ్చింది.

ఒక ఇంటిలో ఒక తల్లి మాతో అన్న మాట మేము పత్రంలో యథాతథంగా చేర్పించాము. "హజ్రత్, బిడ్డను వదిలిపోతే పొలంలో మా మనసు నిలవదు, తీసుకుపోతే వాని చదువు నిలవదు. రెండూ నిలిచే దారి మీరే చెప్పండి" అన్నది ఆమె. ఆమె పెద్దకూతురికి పదకొండేళ్ళు. పాప చదువులో చురుకైనది. సుగ్గిలో ఆ పాప పని మిరపకాయలు కోయడం కాదు; ఏడాదిన్నర తమ్ముణ్ణి చెట్టు నీడన ఎత్తుకొని కూర్చోవడం. కూలి లెక్కలో ఆమె లేదు గనుక బాలకార్మికురాలి కింద రాదు. ఊరి బడిలో పేరు ఉన్నది గనుక బడి మానిన బిడ్డ కింద రాదు. మూడు నెలలపాటు ఆ పాప ఏ లెక్కలోనూ లేదు.

ఆ తమ్ముడి సంగతి మరొకటి. ఊరిలో అంగన్‌వాడీలో వానికి గుడ్డు, పాలు, బాలామృతం అందుతాయి. సుగ్గికి వెళ్ళిన చోట అందవు. మిరప చేనులో 40 డిగ్రీల ఎండలో ఎదగవలసిన వయస్సు అది. పరిష్కారం మన చట్టాలకు తెలియనిది కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే, పనిచోటికి స్త్రీల వెంట ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురు లేక అంతకు మించి వస్తే, వారిని చూసుకొనేందుకు ఒక స్త్రీని నియమించి ఆమెకు కూలి చెల్లించాలని నిర్దేశించారు. అదే ఆలోచన మిరప కోతల కాలానికి, మిరప పండే మండలాలకు విస్తరిస్తే ఆ పదకొండేళ్ళ పాప తరగతిలో ఉంటుంది. ఒక బిడ్డకు నీడ కల్పిస్తే ఇద్దరు బిడ్డలకు మేలు కలుగుతుంది. ఈ అంశాన్ని మేము మా సలహాలలో మొదటి వరుసలో ఉంచాము.

ఎండ, మట్టి మిద్దె, మదరసా పంచాంగం

రెండవ విషయం ఎండ. పిల్లల శరీరం పెద్దల శరీరానికి చిన్న నమూనా కాదు. బరువుతో పోలిస్తే వారి చర్మ వైశాల్యం ఎక్కువ. కనుక బయటి వేడి త్వరగా లోపలికి చేరుతుంది. పసివారికి దాహమని చెప్పడం రాదు. ఆటలో పడిన పిల్లవానికి దాహమైనట్లే తెలియదు. మార్చి నడుమ నుంచి మన రాష్ట్రంలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఎండకు భయపడి చేసిన ఈ ఏర్పాటులోనూ ఒక షరతు దాగి ఉన్నది. బడి వదిలేది మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో. రెండు కిలోమీటర్లు నడిచి ఇల్లు చేరే బిడ్డ సరిగ్గా ఎండ నడినెత్తిన ఉన్నప్పుడే రోడ్డెక్కుతాడు. పట్టణంలో ఇల్లు దగ్గరగా ఉన్న బిడ్డకు మేలు చేసిన వేళ, హొళగుంద వైపు ఒక చిన్న ఊరి బిడ్డకు కీడు చేస్తుంది. 2024 వేసవిలో పాఠశాలల్లో ప్రవేశపెట్టిన నీళ్ళ గంట పద్ధతి మాకు ఎంతో నచ్చింది. గంట కొట్టగానే అందరూ నీళ్ళు త్రాగాలి. ఖర్చు లేదు, నిధి అక్కరలేదు. పిల్లవాని స్వభావం తెలిసినవారెవరో ఆలోచించిన పద్ధతి అది.

పిల్లలనే అడిగి చూడాలని మేము పట్టుబట్టాము. ఎండాకాలంలో మీకు కష్టమైనది ఏమిటని ఎమ్మిగనూరు సమీపంలోని ఒక ఊరిలో అడిగినప్పుడు, పెద్దలు ఊహించినట్లుగా ఫ్యాను లేదని ఎవరూ అనలేదు. బడికి ముందు కొళాయి దగ్గర బిందెల వరుసలో నిలబడడం వలన ఆలస్యమవుతుందని నలుగురు ఆడపిల్లలు చెప్పారు. ఒక పిల్లవాడు తమ పాత మట్టి మిద్దె తీసివేసి రేకుల ఇల్లు వేసుకున్నామని, రాత్రి నిద్ర పట్టడం లేదని, తరగతిలో నిద్ర వస్తున్నదని చెప్పాడు. మట్టి మిద్దెల చల్లదనం మన పెద్దలకు తెలుసు. వానకు కారుతుందని, ఏటా మట్టి వేయాలని దానిని వదులుకున్నాము. గృహ నిర్మాణ సాయంలో పైకప్పు వేడి గురించి ఒక్క షరతు చేర్చడం, రేకుల తరగతి గదులపై సున్నం పూయించడం వంటి చిన్న పనుల విలువ ఆ పిల్లవాని మాట వలన పత్రంలోకి వచ్చింది.

ఇక మన మదరసాల విషయం. దీనిని మేము తప్ప మరెవరూ ఆ సమావేశంలో చెప్పలేరు గనుక విపులంగా చెప్పాము. మదరసా విద్యా సంవత్సరం హిజ్రీ పంచాంగాన్ని అనుసరించి నడుస్తుంది. షాబాన్‌లో పరీక్షలు, రమజాన్‌లో సెలవులు, షవ్వాల్‌లో కొత్త తరగతులు. చాంద్రమాన సంవత్సరం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ దాదాపు 33 ఏళ్ళలో ఋతువులన్నిటినీ చుట్టివస్తుంది. మేము ఉపాధ్యాయ వృత్తిలోకి వచ్చిన కాలంలో రమజాన్ శీతకాలంలో వచ్చేది. ఆ తరువాత అది మండుటెండల్లోకి వచ్చిన ఏళ్ళలో సెలవులు వేసవిలో పడి పిల్లలు ఇళ్ళలో ఉండేవారు. ఇప్పుడు పరిస్థితి మారింది. 2025లో మన దేశంలో ఈదుల్ ఫిత్ర్ మార్చి 31న వచ్చింది. అంటే ఏప్రిల్ రెండవ వారంలో, ఎండలు ముదిరే వేళకు, మదరసాలు తెరుచుకున్నాయి. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండవ వారం దాకా ప్రభుత్వ పాఠశాలలు మూసి ఉండగా మన పిల్లలు నిండు తరగతులలో ఉన్నారు. 2028లో రమజాన్ జనవరి చివరలో మొదలవుతుంది. మరి కొన్నేళ్ళపాటు మన పిల్లల చదువు నడివేసవి మీదుగానే సాగుతుంది.

ఒంటిపూట ఉత్తర్వు, నీళ్ళ గంట, వేసవి సెలవు ఇవన్నీ గుర్తింపు పొందిన పాఠశాలలకు వెళతాయి. హిఫ్జ్ చేస్తూ వసతి గదులలో ఉండే తొమ్మిదేళ్ళ, పదేళ్ళ పిల్లవాని దగ్గరకు ఏ ఉత్తర్వూ రాదు. వాని బాధ్యత మనది. మన ధర్మంలో దీనికి ఆధారాలు వెదకనవసరం లేదు. తీవ్రమైన ఎండలో జుహ్ర్ నమాజును చల్లబడేదాకా ఆలస్యం చేయమన్న ఉపదేశం ప్రామాణిక హదీసు గ్రంథాలలో ఉన్నది. నమాజు వేళనే వేడిని బట్టి జరుపుకొనే వెసులుబాటు ఉన్నప్పుడు, పాఠం వేళను జరుపుకోవడానికి సందేహమెందుకు? ఫజ్ర్ తరువాత పది గంటల దాకా ఒక విడత, అస్ర్ తరువాత ఇషా దాకా ఒక విడత, మధ్యాహ్నం ఖైలూలా విశ్రాంతి. మే నెలలో మూడు వారాల విరామం. ఆ మేరకు రజబ్, షాబాన్ నెలల్లో చదువు భర్తీ. మేము పనిచేసే చోట ఈ పద్ధతిని చర్చించి మొదలుపెట్టాము. మధ్యాహ్నం తలనొప్పి అని వచ్చే పిల్లల సంఖ్య తగ్గింది. కంఠస్థం చేసిన పాఠం నిలకడ పెరిగింది.

మా సలహాలు, వాటి గతి

మేమందరం కలిసి ఇచ్చిన సలహాల సారాంశం ఇది. మొదటిది, కరువు మండలాన్ని ప్రకటించిన నాటి నుంచే అక్కడి పిల్లల పట్టిక వేరుగా తయారు కావాలి. బిడ్డ ఊరిలో ఉన్నదా, సుగ్గిలో ఉన్నదా, ఎక్కడ ఉన్నదన్న వివరం అందులో ఉండాలి. రెండవది, సీజనల్ హాస్టలు తెరిచే తేదీని ఆర్థిక సంవత్సరాన్ని బట్టి కాక, వాన తప్పిన తీరును బట్టి నిర్ణయించాలి. మూడవది, కోతల ప్రాంతాలలో పసిపిల్లలకు నీడ, నీరు, అంగన్‌వాడీ ఆహారం ఉండాలి. నాల్గవది, ఒంటిపూట బడి వదిలిన తరువాత దూరపు పిల్లలు ఎండ తగ్గేదాకా బడిలోనే ఉండే ఏర్పాటు కావాలి. అయిదవది, వసతి గల ప్రతి విద్యాసంస్థకూ, అందులో మదరసాలకూ, వేసవి జాగ్రత్తల సూచనలు చేరాలి.

ఇందులో మూడు తుది పత్రంలో చోటు చేసుకున్నాయి. హాస్టలు తేదీ విషయం పరిశీలించదగినది అన్న మాటతో ఆగింది. కోతల ప్రాంతపు శిశు సంరక్షణకు ఖర్చు ఎక్కువని ఒకరు అన్నారు. వాతావరణం కోసం పెద్ద అంతర్జాతీయ నిధులు పెడుతున్న ధనంలో పిల్లల అవసరాలను గుర్తించిన భాగం 2.4 శాతమేనని 2023లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చిందని మా బృందంలోని వైద్యుడు అప్పుడు గుర్తుచేశారు. ఖర్చు ఎక్కువైనది బిడ్డ మీద కాదని ఆ సంఖ్యే చెబుతున్నది. పత్రం పై అధికారుల వద్దకు వెళ్ళింది. ఎప్పుడు అమలవుతుందో మా చేతిలో లేదు. మన చేతిలో ఉన్నవి మాత్రం కొన్ని ఉన్నాయి.

ఇళ్ళు, మస్జిదులు చేయగలిగినవి

సుగ్గికి వెళ్ళే తల్లిదండ్రులు తెలుసుకోవలసిన మొదటి సంగతి, 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ బిడ్డను వెళ్ళిన చోటి ప్రభుత్వ పాఠశాలలో చేర్చే హక్కు మీకున్నది. టీసీ ఆలస్యమైనదన్న కారణంతో చేర్చుకోకుండా ఉండరాదు. బిడ్డ ఆధార్ ప్రతిని, ఊరి బడి ఉపాధ్యాయుని ఫోన్ నంబరును వెంట ఉంచుకోండి. పసివారు ఉంటే వెళ్ళిన చోటి అంగన్‌వాడీ కార్యకర్తను మొదటి వారంలోనే కలవండి. రేషను కార్డు ఇప్పుడు వేరే ఊరిలోనూ చెల్లుతుంది.

ఎండ విషయంలో తల్లులు, అవ్వలు గుర్తుంచుకోవలసినవి: దాహమని అడిగేదాకా ఆగక గంటకొకసారి బిడ్డకు నీళ్ళో, మజ్జిగో ఇవ్వండి. ఓఆర్‌ఎస్ పొట్లం ఇంటిలో ఉంచండి. బిడ్డ ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మత్తుగా ఉంటే అది మామూలు జ్వరం కాదు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేని బిడ్డ నోటిలో నీళ్ళు పోయవద్దు. యుక్తవయస్సు రాని పిల్లలపై ఉపవాసం విధి కాదు. వేసవిలో ఉత్సాహంతో పట్టుబట్టే బిడ్డను బుజ్జగించి మధ్యలో విరమింపజేయడంలో దోషం లేదు.

మస్జిదు కమిటీలవారికి మా మనవి ఒకటున్నది. మధ్యాహ్నం పన్నెండు నుంచి అస్ర్ దాకా వరండాను తెరిచి ఉంచండి. మట్టి కుండలలో నీళ్ళు ఉంచండి. ఆ దారిన నడిచి వచ్చే బడి పిల్లలు ఏ మతంవారైనా అక్కడ కూర్చోనివ్వండి. బాటసారులను ఆదుకోవడం మన ధర్మం పేర్కొన్న సహాయ విధులలో ఒకటి. సుగ్గికి వెళ్ళే కుటుంబాల పిల్లలకు ఊరిలోనే మూడు నెలలు ఆశ్రయం ఇవ్వగల ఇళ్ళను, బంధువులను ముందే గుర్తించండి. ఇందుకు దసరా సెలవులకు ముందు ఒక జుమా రోజు చాలు. నమాజు తరువాత నిలబడి, ఈ ఏడు ఎవరెవరు వెళుతున్నారు, ఏ బిడ్డ వెంట వెళుతున్నది, ఏ బిడ్డ ఇక్కడ ఉంటున్నది అని అడిగి పేర్లు వ్రాసుకోండి. ఆ జాబితాను బడి ప్రధానోపాధ్యాయునికి, సచివాలయానికి ఒక్కొక్క ప్రతి ఇవ్వండి. హాస్టలు సకాలంలో తెరవమని అడగడానికి అంతకంటే బలమైన ఆధారం లేదు.

వాన కోసం చేసే ఇస్తిస్ఖా నమాజుకు పిల్లలనూ, వృద్ధులనూ, పశువులనూ కూడా మైదానానికి తీసుకువెళ్ళడం మంచిదని మన ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతాయి. బలహీనులను ముందు నిలిపి అల్లాహ్ కరుణను అర్థించే పద్ధతి అది. దుఆలో ముందు నిలిపిన బిడ్డను ప్రణాళికలో చివరకు నెట్టకుండా చూడడం మన మీది బాధ్యత. ఈ ఏడు వానలు సకాలంలో కురవాలని, కురవకపోయినా మన బిడ్డలలో ఒక్కరి పేరు కూడా లెక్క తప్పిపోకుండా చూసే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించాలని వేడుకొంటున్నాము. ఆమీన్.